క్లచ్ పెడల్ లేని భారీ లారీని నడపడం ఎలా: బయలుదేరడం నుంచి ఘాట్ దిగేదాకా

పదేళ్లు, పదిహేనేళ్లు గేరు రాడ్డుతో లారీ నడిపిన డ్రైవరు చేతికి ఆటోమేటిక్ బండి ఇస్తే, "ఇందులో నేర్చుకోవడానికి ఏముంది, తొక్కితే పోతుంది" అనుకోవడం సహజం. ఖాళీ బండితో, చదునైన నాలుగు వరుసల రోడ్డు మీద ఆ మాట చాలావరకు నిజమే. అదే బండి 50 టన్నుల బరువుతో పలమనేరు దాటి మొగిలి ఘాట్‌లో చిత్తూరు వైపు దిగుతున్నప్పుడు ఆ మాటను నమ్ముకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గేర్‌బాక్సును నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్‌కు తెలిసేవి ఇంజన్ వేగం, చక్రాల వేగం, మోస్తున్న బరువు, ఆ క్షణంలో చక్రాల కింద ఉన్న వాలు, మీ పాదం పెడల్‌ను ఎంత నొక్కిందన్న సంగతి. ముందున్న మలుపు, ఆ మలుపు దాటాక మొదలయ్యే దిగుడు, అడ్డం రాబోతున్న ట్రాక్టరు దానికి కనిపించవు. మ్యాపు ఆధారంగా ముందున్న వాలును లెక్కవేసుకునే బళ్లు కూడా వచ్చాయి గాని, వాటికి సైతం ట్రాక్టరు సంగతి తెలియదు. కాబట్టి రోడ్డును మీరు చూసి, దాని సంగతి గేర్‌బాక్సుకు వేళకు ముందే తెలియజేయడం ఈ బండిలో డ్రైవరు చేయవలసిన అసలు పని. ఆ తెలియజేయడం ఎలాగో ఒక్కొక్క దశగా ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట, మీ బండిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోండి

ఆటోమేటిక్ అని పిలిచే భారీ వాహనాల్లో రెండు వేర్వేరు రకాలు ఉన్నాయి, వీటిని నడిపే పద్ధతిలో తేడా ఉంటుంది. మొదటిది ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్. ఇందులో లోపల ఉన్నది మామూలు పళ్లచక్రాల గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే; పెడల్ మాత్రమే తీసేసి, క్లచ్‌ను, గేర్లను గాలి ఒత్తిడితో కదిలించే పనిని కంప్యూటరుకు అప్పగించారు. 2001లో వచ్చిన వోల్వో ఐ-షిఫ్ట్, మెర్సిడెస్ పవర్‌షిఫ్ట్, స్కానియా ఆప్టిక్రూజ్ ఈ కోవలోవే. భారీ బళ్లలో ఇవి ఎక్కువగా 12 గేర్లతో వస్తాయి. రెండోది టార్క్ కన్వర్టర్ ఉన్న పూర్తి ఆటోమేటిక్. ఆలిసన్ గేర్‌బాక్సులు దీనికి ఉదాహరణ. ఇందులో ఇంజన్‌కు, గేర్‌బాక్సుకు మధ్య ప్లేటుకు బదులు నూనె శక్తిని అందిస్తుంది కాబట్టి అది కొంత జారినా మొదటి రకంలో లాగా ప్లేటు కాలిపోదు. కొన్ని టిప్పర్లలో, అగ్నిమాపక వాహనాల్లో, సిటీ బస్సుల్లో ఇది కనిపిస్తుంది.

దూర ప్రయాణాల ట్రైలర్లలో, గనుల్లో తిరిగే వోల్వో టిప్పర్లలో మీకు ఎదురయ్యేది ఏఎంటీ కాబట్టి ఈ వ్యాసం దాని గురించే. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు హెవీ డ్రైవర్లుగా వెళ్లే వారికి కూడా అక్కడి మెర్సిడెస్ యాక్ట్రోస్, వోల్వో బళ్లలో తరచూ చేతికి వచ్చేది ఇదే రకం. అమెరికాలో కమర్షియల్ లైసెన్సు తీసుకోవాలనుకునే తెలుగువారు ఒక నిబంధన గుర్తుంచుకోవాలి: అక్కడ పరీక్షకు ఆటోమేటిక్ బండి తీసుకువెళితే లైసెన్సు మీద 'ఈ' అనే పరిమితి వేస్తారు, ఆ తర్వాత మాన్యువల్ గేర్ల భారీ వాహనం నడపడానికి ఆ లైసెన్సు చెల్లదు.

బండి కదలకముందు

సీటు సరిచేసుకున్నాక మొదట చూడవలసింది మీ ఎడమ కాలు. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన ఆ కాలు, బండి ఆగబోతున్న ప్రతిసారీ తనంతట తాను లేచి పెడల్ కోసం వెతుకుతుంది. అక్కడ దొరికేది వెడల్పాటి బ్రేకు పెడల్. క్లచ్‌ను తొక్కినంత బలంగా ఎడమ కాలు దాని మీద పడితే బండి ఉన్నచోటనే నిలిచిపోతుంది. వెనుక వచ్చేవాడు గుద్దుకోవడం, లోడు ముందుకు జరిగి క్యాబిన్‌ను తాకడం రెండూ జరగవచ్చు. అందుకే ఎడమ పాదాన్ని పక్కన ఉన్న ఫుట్‌రెస్ట్ మీద ఆనించి, అది అక్కడి నుంచి లేవకుండా అలవాటు చేసుకునేదాకా, బండిని ఖాళీ మైదానంలో, లోడు లేకుండా నడపండి. మలుపులు, ఆగడాలు, బయలుదేరడాలు పదేపదే చేయండి. అనుభవం ఉన్నవారికి ఈ అభ్యాసం చిన్నతనంగా అనిపించవచ్చు గాని, ఆ పొరపాటు ఎక్కువగా చేసేది ఆ పాత అలవాటున్న వారేనని యజమానులు గుర్తించి, బండి ఇచ్చిన రోజే లోడుకు పంపకుండా ఉండాలి.

ఇంజన్ స్టార్ట్ చేసే ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి ఉందో లేదో, గేరు సెలెక్టర్ న్యూట్రల్‌లో ఉందో లేదో చూసుకోండి. స్టార్ట్ చేశాక గాలి నిండేదాకా ఆగండి. మాన్యువల్ బండిలో గాలి బ్రేకులకే అవసరమని డ్రైవర్లు అనుకుంటారు. ఇందులో క్లచ్ కూడా, గేర్లు కూడా గాలితోనే కదులుతాయి కాబట్టి, ఒత్తిడి చాలకపోతే గేరు పడనే పడదు. గాలి తక్కువ ఉందన్న హెచ్చరిక ఆరిపోయి, మీటర్లు రెండూ మామూలు స్థాయికి చేరాకే సెలెక్టర్ మీద చెయ్యి వేయండి. రాత్రంతా ఆపిన బండిలో ఉదయం గాలి మరీ దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఆ సంగతి మెకానిక్‌కు చెప్పకుండా లోడు ఎత్తవద్దు. బ్యాటరీ బలహీనంగా ఉన్నా ఈ గేర్‌బాక్సు ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ప్రతి గేరు మార్పుకు ఆదేశం కరెంటు ద్వారానే వెళుతుంది.

సెలెక్టర్ మీద ఉండే అక్షరాలు కంపెనీని బట్టి కొద్దిగా మారతాయి. వోల్వోలో ఆర్ అంటే రివర్స్, ఎన్ అంటే న్యూట్రల్, ఏ అంటే ఆటోమేటిక్, ఎం అంటే గేరు మీరే ఎంచుకునే మాన్యువల్. మరికొన్ని బళ్లలో 'ఏ' అక్షరానికి బదులు 'డీ' ఉంటుంది, సెలెక్టర్ కూడా సీటు పక్కన కాకుండా స్టీరింగ్ కింది కాడ మీద ఉంటుంది. కూడిక, తీసివేత గుర్తులున్న బటన్లు గేరును ఒక్కొక్కటిగా పైకి, కిందికి మార్చడానికి. ప్రస్తుతం ఏ గేరులో ఉన్నారో డ్యాష్‌బోర్డు మీద అంకె కనిపిస్తుంది. ఆ అంకెను, దాని పక్కనే తిరిగే ఆర్‌పీఎం ముల్లును (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) కలిపి చదవడం ఈ బండిలో అన్నిటికంటే విలువైన అలవాటు, ఎందుకంటే చేతికి రాడ్డు తగలని చోట మీరు ఏ గేరులో ఉన్నారో చెప్పేది అదొక్కటే.

బయలుదేరడం

కుడి పాదంతో బ్రేకు నొక్కి పట్టండి. సెలెక్టర్‌ను 'ఏ' లోకి తీసుకురండి. డ్యాష్‌బోర్డు మీద గేరు అంకె స్థిరంగా కనిపించేదాకా ఒకటి రెండు క్షణాలు ఆగండి. అంకె పడకముందే యాక్సిలరేటర్ తొక్కితే కొన్ని బళ్లు ఆదేశాన్ని రద్దు చేసి న్యూట్రల్‌లోనే ఉండిపోతాయి. అంకె చూశాక హ్యాండ్‌బ్రేక్ తీయండి, బ్రేకు వదలండి, యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా నొక్కండి. బరువును, వాలును బట్టి ఏ గేరులో బయలుదేరాలో బండి తానే నిర్ణయిస్తుంది. ఖాళీగా ఉంటే మూడో, నాలుగో గేరులో కదలవచ్చు. నిండు లోడుతో, ఎక్కుడులో, అది రెండు కంటే పై గేరు ఎంచుకున్నట్టు కనిపిస్తే, మీరే తీసివేత బటన్ నొక్కి ఒకటికి దించండి. అప్పుడే లోడు ఎత్తుకున్న బండిలో బరువు లెక్క ఇంకా కుదురుకోకపోవచ్చు కాబట్టి, కాటా దగ్గర నుంచి బయటికి వచ్చే మొదటి నాలుగైదు గేరు మార్పులదాకా ఈ జాగ్రత్త మీ వంతు.

బండి కదిలాక పాదాన్ని ఒకే స్థాయిలో ఉంచండి. గేరు మారుతున్నప్పుడు ఇంజన్ వేగాన్ని బండే తగ్గించుకుని, కలుపుకుని, మళ్లీ అందిస్తుంది. పాత అలవాటుతో ప్రతి మార్పుకు పాదం ఎత్తితే కంప్యూటరుకు మీ ఉద్దేశం అర్థం కాదు, మార్పు ఆలస్యమవుతుంది, బండి కుదుపుతో నడుస్తుంది.

నెమ్మదిగా పాకే ట్రాఫిక్: క్లచ్ కాలిపోయేది ఇక్కడే

టోల్ గేటు ముందు వరుసలో, ఊళ్ల మధ్య జామ్‌లో, లోడింగ్ పాయింట్ దగ్గర, లారీ పది అడుగులు కదిలి ఆగడం, మళ్లీ పది అడుగులు కదలడం మామూలే. మొదటి గేరులో, ఇంజన్ ఐడిలింగ్ వేగంలో, క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉంటే భారీ లారీ సుమారు గంటకు రెండు మూడు కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. అంతకంటే నెమ్మదిగా వెళ్లాలంటే క్లచ్ ప్లేటు సగం పట్టి సగం జారక తప్పదు. ఆ జారుడులో పుట్టే వేడి ఎక్కడికీ పోదు, ప్లేటులోనే పేరుకుంటుంది. మాన్యువల్ బండిలో ఈ సంగతి మీ కాలికి తెలిసేది, వాసన రాకముందే పెడల్ తీరు మారేది. ఇందులో కాలికి ఏమీ తెలియదు, అందుకే క్లచ్ వేడెక్కిందన్న హెచ్చరిక డ్యాష్‌బోర్డు మీద వచ్చేసరికి నష్టం సగం జరిగిపోయి ఉంటుంది.

చేయవలసింది ఇది. ముందున్న బండి కదలగానే వెంటపడకండి. రెండు మూడు బండ్ల పొడవు ఖాళీ ఏర్పడనివ్వండి. తర్వాత ఒకసారి బయలుదేరి, క్లచ్ పూర్తిగా పట్టుకున్న మొదటి లేదా రెండో గేరులో, యాక్సిలరేటర్ మీద పాదం లేకుండా ఆ ఖాళీలోకి నడవండి. మన రోడ్ల మీద ఆ ఖాళీలోకి ఆటో దూరుతుంది, కారు దూరుతుంది, నిజమే, వాటిని దూరనివ్వండి. క్లచ్ మార్చడానికి గేర్‌బాక్సు కిందికి దించాలి, ఆ పనికి బండి రోజుల తరబడి షెడ్డులో ఉండాలి.

ఇంతకంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. ఎక్కుడులో ఆగినప్పుడు, బండి వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌ను కొద్దిగా నొక్కి పట్టి అలాగే నిలబెట్టడం. మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టగలగడాన్ని చాలామంది పనితనంగా చెప్పుకుంటారు. ఏఎంటీలో ఆ పని చేస్తే నిండు లోడు బండి క్లచ్ ప్లేటు చాలా త్వరగా వేడెక్కి పాడవుతుంది. ఎక్కుడులో ఆగితే బ్రేకు నొక్కండి, కాసేపు ఆగవలసి వస్తే హ్యాండ్‌బ్రేక్ వేసి న్యూట్రల్ చేయండి. హెచ్చరిక ఇప్పటికే వచ్చి ఉంటే, సురక్షితమైన చోట పక్కకు ఆపి, న్యూట్రల్‌లో ఇంజన్ తిరుగుతుండగా క్లచ్ చల్లారేదాకా ఆగండి.

ఎక్కుడు ఎక్కేటప్పుడు

గేరు మారే ప్రతిసారీ సుమారు ఒక క్షణం పాటు చక్రాలకు శక్తి అందదు. చదునైన రోడ్డు మీద ఆ క్షణం మీకు తెలియను కూడా తెలియదు. నిటారు ఎక్కుడులో, నిండు లోడుతో, ఆ ఒక్క క్షణంలోనే బండి వేగం పడిపోతుంది, పడిన వేగానికి ఇంకా కింది గేరు కావాలి, ఆ మార్పులో మరికొంత వేగం పోతుంది. ఇలా మెట్లు దిగినట్టు గేర్లు దిగి చివరికి మలుపు మధ్యలో బండి ఆగిపోవడం ఘాట్ రోడ్ల మీద చూస్తూనే ఉంటాం. మారేడుమిల్లి ఘాట్ వంటి దారిలో, మలుపుకు మలుపుకు మధ్య దూరం తక్కువ ఉన్న చోట, ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

దీనికి పరిష్కారం ఎక్కుడు మొదలయ్యే ముందే ఉంది. ఎక్కుడు కనిపించగానే, బండి ఇంకా చదునులో ఉండగానే, ఎం లోకి మార్చి ఒకటి లేదా రెండు గేర్లు దించుకోండి. ఇంజన్ ఆర్‌పీఎం మీటరులో పచ్చ పట్టీ పై అంచుకు దగ్గరగా ఉండేలా చూసుకుని ఎక్కుడులోకి ప్రవేశించండి. మధ్యలో వాలు కాస్త తగ్గినట్టు అనిపించగానే ఆటోమేటిక్ పై గేరుకు వెళ్లాలని చూస్తుంది, వెంటనే మళ్లీ వాలు పెరిగితే తిరిగి కిందికి రావాలి. ఎం లో ఉంటే ఈ పైకీ కిందికీ ఊగిసలాట ఉండదు. ముందున్న మలుపు తిరగకముందే అందుకు తగిన గేరు పడి ఉండాలి, మలుపు మధ్యలో మార్పు జరగకూడదు. ఎక్కుడు పూర్తిగా దాటాక తిరిగి 'ఏ' లోకి మారండి, లేదంటే చదునులో కూడా పై ఆర్‌పీఎంలో నడిచి డీజిల్ వృథా అవుతుంది.

ఎక్కుడులో ఆగి మళ్లీ బయలుదేరాలంటే, హిల్ స్టార్ట్ సదుపాయం ఉన్న బండిలో మీ పాదం బ్రేకు నుంచి యాక్సిలరేటర్‌కు మారే ఒకటి రెండు క్షణాలు బండే బ్రేకు పట్టి ఉంచుతుంది. అంతకు మించి పట్టదు, కాబట్టి పాదం తటపటాయించకూడదు. ఆ సదుపాయం లేకపోతే, లేదా దాని మీద నమ్మకం కుదరకపోతే, హ్యాండ్‌బ్రేక్ వేసి, మొదటి గేరు అంకె చూసుకుని, యాక్సిలరేటర్ నొక్కి, ఇంజన్ బరువు అందుకున్న శబ్దం విని, బండి ముందుకు వాలబోతున్నట్టు తెలిశాక హ్యాండ్‌బ్రేక్ వదలండి.

దిగుడు దిగేటప్పుడు

ఈ భాగాన్ని దయచేసి తొందరపడకుండా చదవండి, ఎందుకంటే బ్రేకులు ఫెయిలయ్యాయని వార్తల్లో వచ్చే ప్రమాదాల్లో చాలావాటికి మూలం దిగుడుకు ముందు తీసుకోని నిర్ణయంలో ఉంటుంది.

లెక్క చూడండి. మన దేశంలో ట్రైలరు బండి సరుకుతో సహా ఉండదగిన గరిష్ఠ బరువు 2018లో 55 టన్నులకు పెరిగింది. వంద మీటర్లకు ఆరు మీటర్లు దిగే వాలులో అంత బరువు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే, ఆ వేగం పెరగకుండా పట్టి ఉంచడానికి సుమారు 360 కిలోవాట్ల శక్తిని క్షణక్షణం ఎక్కడో ఒకచోట ఖర్చు చేయాలి. ఇంట్లో వాడే రెండు కిలోవాట్ల గీజర్లు 180 ఒకేసారి వేసినంత వేడి అది. టైర్లు, గాలి అందులో కొద్ది భాగమే మింగుతాయి. మిగతాదంతా బ్రేకు డ్రమ్ముల మీద పెడితే, కొన్ని నిమిషాల్లో డ్రమ్ములు వేడికి వ్యాకోచించి లైనర్లకు దూరమవుతాయి, లైనర్ల పట్టు తగ్గుతుంది, పెడల్ ఎంత నొక్కినా బండి ఆగదు. అదే బండి 20 కిలోమీటర్ల వేగంతో దిగితే క్షణానికి పుట్టే వేడి సగానికి సగం తగ్గుతుంది. ఎగ్జాస్ట్ బ్రేకు, ఇంజన్ బ్రేకు, రిటార్డర్ (కాలి బ్రేకుతో పని లేకుండా బండి వేగాన్ని పట్టి ఉంచే సదుపాయాలు) ఉన్నది ఈ వేడిని డ్రమ్ములకు చేరకుండా తాము తీసుకోవడానికే. అయితే ఇంజన్ బ్రేకు బలం ఇంజన్ తిరిగే వేగాన్ని బట్టి ఉంటుంది. 1200 ఆర్‌పీఎం దగ్గర అది నామమాత్రం, 2000 దాటాకే నిజమైన పట్టు చూపిస్తుంది. చాలా బళ్లలో ఆర్‌పీఎం మీటరు మీద దీనికోసం నీలం పట్టీ వేరుగా గీసి ఉంటుంది.

ఇక్కడే ఆటోమేటిక్ బండిలో ఒక ప్రమాదం దాగి ఉంది. డీజిల్ ఆదా కోసం గేర్‌బాక్సు ఎప్పుడూ పై గేరుకు వెళ్లాలనే చూస్తుంది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేసి ఊరుకుంటే, బండి పదకొండు, పన్నెండో గేరులో 1100 ఆర్‌పీఎం దగ్గర హాయిగా జారిపోతుంది, ఇంజన్ బ్రేకు పని చేస్తున్నట్టే ఉంటుంది గాని పట్టు ఉండదు. వేగం పెరిగిపోయాక మీరు భయపడి కింది గేరు అడిగితే, ఆ గేరులో ఇంజన్ హద్దు మీరి తిరుగుతుందని లెక్కవేసి గేర్‌బాక్సు మీ ఆదేశాన్ని తిరస్కరిస్తుంది. ఆ తిరస్కారం ఇంజన్‌ను కాపాడటానికే. అప్పుడు మిమ్మల్ని కాపాడేవి కాలి బ్రేకులు మాత్రమే, అవి ఇప్పటికే వేడెక్కి ఉంటాయి.

కాబట్టి దిగుడు మొదలయ్యే ముందే, ఘాట్ బోర్డు కనిపించిన చోటనే, వేగం తగ్గించండి. సెలెక్టర్‌ను ఎం లోకి మార్చి, ఆ వాలును ఎక్కడానికి ఏ గేరు కావలసి వచ్చేదో అదే గేరుకు, లేదా అంతకంటే ఒకటి తక్కువకు దించండి. ఇంజన్ బ్రేకు కాడను మొదటి స్థాయి నుంచి మొదలుపెట్టి అవసరం మేరకు పెంచండి. కొన్ని బళ్లలో ఈ కాడను చివరి స్థానానికి తెస్తే, ఇంజన్ బ్రేకుకు అనువుగా గేరు కూడా తానే తగ్గించుకుంటుంది; మీ బండిలో ఆ సదుపాయం ఉందో లేదో బండితో వచ్చిన సూచనల పుస్తకంలో చూసుకుని, చదునైన రోడ్డు మీద ఒకసారి ప్రయత్నించి చూడండి. సరైన గేరు పడితే కాలి బ్రేకు తొక్కకుండానే బండి దాదాపు ఒకే వేగంతో దిగుతుంది. అలా దిగకపోతే ఇంకా ఒక గేరు తక్కువ కావాలని అర్థం.

వేగం ఇంకా పెరుగుతుంటే కాలి బ్రేకు ఇలా వాడండి. ఆ వాలుకు మీరు 40 కిలోమీటర్లు హద్దుగా పెట్టుకున్నారనుకోండి. ముల్లు 40 చేరగానే గట్టిగా నొక్కి, మూడు నాలుగు క్షణాల్లో 32కు దించి, పూర్తిగా వదిలేయండి. వేగం నెమ్మదిగా మళ్లీ 40 చేరాక మళ్లీ అలాగే. వదిలిన ఆ వ్యవధిలో డ్రమ్ములకు గాలి తగులుతుంది. పాదాన్ని తేలికగా ఆనించి కిలోమీటర్ల కొద్దీ దిగడం మంచి పద్ధతి కాదు, ఎందుకంటే అలా పట్టినప్పుడు లైనర్లు డ్రమ్ముకు అంటుకునే ఉండి వేడి కొద్దికొద్దిగా పేరుకుపోతూ ఉంటుంది, అన్ని చక్రాల బ్రేకులూ సమానంగా పట్టవు కూడా. చిటికెడు చిటికెడుగా టపటపా కొట్టడం కూడా వద్దు, దానివల్ల ట్యాంకుల్లో గాలి ఖర్చవుతుంది. ఈ బండిలో గేర్లకు కూడా అదే గాలి కావాలని ముందే చెప్పుకున్నాం.

ఎం లో ఉన్నారు కాబట్టి గేరు మారదని కూడా ధీమా పడవద్దు. కొన్ని గేర్‌బాక్సులు ఇంజన్ హద్దు దాటుతుంటే మాన్యువల్‌లో ఉన్నా తమంతట తాము పై గేరుకు మారతాయి. ముల్లు ఎర్ర పట్టీకి చేరకముందే కాలి బ్రేకుతో వేగం తగ్గించడం అందుకే అవసరం.

న్యూట్రల్ కొట్టి దిగే అలవాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డీజిల్ మిగులుతుందని పాత తరం డ్రైవర్లు నేర్పిన ఈ పద్ధతి ఇప్పటి ఇంజన్లకు వర్తించదు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజన్లలో, గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లకు డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండటానికి డీజిల్ కాల్చవలసి వస్తుంది. అంటే న్యూట్రల్‌లో డీజిల్ కూడా ఖర్చవుతుంది, ఇంజన్ బ్రేకు కూడా పోతుంది, తిరిగి గేరు పడుతుందన్న హామీ కూడా ఉండదు. స్వల్పమైన వాలుల్లో కొన్ని బళ్లు తమంతట తాము న్యూట్రల్‌లోకి వెళ్లి కాసేపు దొర్లుతాయి. అది వాలును, వేగాన్ని లెక్కవేసి, బ్రేకు తాకగానే గేరు వేసుకునేలా తయారు చేసిన సదుపాయం. ఘాట్ దారిలో దాన్ని కూడా ఆపి ఉంచడం మంచిదని నా అభిప్రాయం.

వర్షంలో, ముఖ్యంగా ఖాళీ ట్రైలరుతో దిగేటప్పుడు, ఇంజన్ బ్రేకును ఒకటి రెండు స్థాయిలు తగ్గించి వాడండి. ఇంజన్ బ్రేకు ఇంజన్‌కు కలిసి ఉన్న చక్రాలను మాత్రమే పడుతుంది, ట్రైలరు చక్రాలను పట్టదు. తడి రోడ్డు మీద ఆ చక్రాలు జారితే వెనుక ఉన్న ట్రైలరు క్యాబిన్‌ను పక్కకు నెట్టుతుంది. అటువంటి రోజున తక్కువ వేగం, తక్కువ గేరు, తేలికైన ఇంజన్ బ్రేకు, అన్ని చక్రాలకు సమానంగా పడే కాలి బ్రేకు కలిపి వాడాలి.

బురదలో, గనుల దారుల్లో

సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల వంటి చోట్ల టిప్పరు రోజంతా ఎక్కడం, దిగడమే. అక్కడి రవాణా దారుల వాలు పదహారుకు ఒకటిని మించకూడదన్నది సాధారణ నియమం. మట్టి మెత్తబడినప్పుడు ఆ వాలు కూడా కష్టమవుతుంది. బురద కనిపించగానే ఎం లో రెండో లేదా మూడో గేరుకు కట్టేసి, మధ్యలో గేరు మారకుండా, ఒకే వేగంతో దాటండి. మొదటి గేరులో చక్రాలకు మరీ ఎక్కువ బలం అంది అవి ఉన్నచోటే తిరుగుతాయి. డిఫరెన్షియల్ లాక్‌ను (రెండు వైపుల చక్రాలూ కలిసి తిరిగేలా కట్టేసేది) బురదలోకి దిగకముందే, బండి నిలిచి ఉండగానో చాలా నెమ్మదిగా ఉండగానో వేయండి. చక్రం తిరిగిపోతుండగా వేస్తే హౌసింగ్‌లో పళ్లు విరుగుతాయి. గట్టి నేల మీదికి రాగానే తీసేయండి, లాక్‌తో మలుపు తిప్పవద్దు.

టిప్పర్‌లో లోడు దించేటప్పుడు సెలెక్టర్ న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండగా మాత్రమే పీటీఓ (బాడీని ఎత్తే పంపుకు ఇంజన్ శక్తిని అందించేది) వేయండి. బాడీ పూర్తిగా కిందికి దిగి, పీటీఓ తీసి, దాని దీపం ఆరాకే గేరు వేయండి.

వెనక్కి తీయడం, ఆపడం

రివర్స్ వేయాలంటే బండి పూర్తిగా నిలిచిపోవాలి. ముందుకు కొద్దిగా దొర్లుతుండగా ఆర్ లోకి నెడితే గేరు పడదు, లేదా పడేదాకా క్లచ్ బాధపడుతుంది. వెనక్కి వెళ్లేటప్పుడు వేగాన్ని యాక్సిలరేటర్‌తో నియంత్రించండి, యాక్సిలరేటర్, బ్రేకు రెండూ కలిపి నొక్కవద్దు. క్లీనర్ వెనుక నిలబడి చెయ్యి చూపిస్తున్నా, అతను అద్దంలో కనిపించకుండా పోయిన క్షణమే ఆపండి. క్లచ్ పెడల్ లేకపోవడం వల్ల బండిని అంగుళం అంగుళంగా కదపడం మొదట్లో కష్టంగా ఉంటుంది. ఆ నైపుణ్యం ఖాళీ స్థలంలో సాధన చేశాకే ఇరుకు గోదాముల్లోకి వెళ్లండి.

బండిని ఆపి దిగేటప్పుడు ఒక తేడా తప్పక గుర్తుంచుకోవాలి. మాన్యువల్ లారీని వాలులో ఆపినప్పుడు గేరు వేసి వదిలేసే అలవాటు మనకు ఉంది. ఏఎంటీ బళ్లలో చాలావాటిలో తాళం చెవి ఆపగానే గేర్‌బాక్సు న్యూట్రల్‌కు వచ్చేస్తుంది, కాబట్టి బండిని పట్టి ఉంచేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. బ్రేకు మీద పాదం ఉంచి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వేసి, బ్రేకు నెమ్మదిగా వదిలి బండి కదలడం లేదని చూసుకున్నాకే ఇంజన్ ఆపండి. వాలులో అయితే చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టండి. రాళ్లు పెడితే బయలుదేరే ముందు వాటిని తీసి రోడ్డు పక్కకు వేయండి. రాత్రిపూట ఆ రాళ్ల మీదికి వచ్చే మోటారుసైకిల్ మనిషి గురించి ఎవరూ ఆలోచించడం లేదు.

బ్యాటరీ దిగిపోయి బండి స్టార్ట్ కాకపోతే తోసి స్టార్ట్ చేసే మార్గం ఏఎంటీలో లేదు. ఇంకో బండి బ్యాటరీ నుంచి కేబుల్ వేసుకోవలసిందే, ఇచ్చే బండి కూడా 24 వోల్టులదై ఉండాలి. దారిలో గేర్‌బాక్సు లోపం చూపిస్తే సురక్షితమైన చోట ఆపి, న్యూట్రల్ చేసి, తాళం ఆపి, ఒక నిమిషం ఆగి, గాలి నిండి ఉందో లేదో చూసుకుని మళ్లీ ప్రయత్నించండి. చాలాసార్లు తక్కువ గాలి వల్లనో, తక్కువ కరెంటు వల్లనో వచ్చిన లోపం దీనితో పోతుంది. పోకపోతే బండిని లాగించే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (గేర్‌బాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తిని చేర్చే ఇరుసును) విప్పించండి. ఇంజన్ తిరగనప్పుడు గేర్‌బాక్సులో ఆయిల్ తిరగదు, చక్రాలు మాత్రం లోపలి షాఫ్టులను తిప్పుతూనే ఉంటాయి. షాఫ్ట్ విప్పకుండా వర్క్‌షాపుదాకా లాగిస్తే చిన్న సెన్సారుతో పోయే ఖర్చు మొత్తం గేర్‌బాక్సు ఖర్చవుతుంది.